మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే...

(అక్టోబరు సైబర్ భద్రతా అవగాహన మాసం సందర్భంగా, రాయ్‌పూర్‌లో తెలుగు సిబ్బంది, విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంతమందిని చూసి తెలుగులో మాట్లాడే అవకాశం రాయ్‌పూర్‌లో తరచుగా దొరకదు. అందుకే ఈ రోజు పవర్ పాయింట్ పక్కన పెట్టి, మనసులో మాట చెప్పుకుందామని వచ్చాను.

నన్ను "పాస్‌వర్డ్ భద్రత" మీద మాట్లాడమన్నారు. గత కొన్నేళ్లుగా బ్రాంచీలకు వెళ్లి ఇదే విషయం మీద క్లాసులు చెబుతున్నవాణ్ణి కాబట్టి నన్ను పిలిచారు. కానీ నేను ఈ రోజు గురువుగా కాదు, తప్పు చేసినవాడిగా నిలబడ్డాను. నిరుడు నా సొంత కంప్యూటర్ మాస్టర్ పాస్‌వర్డ్ నేనే మరిచిపోయాను. అది మీకు పనికొస్తుందన్న నమ్మకంతో, సిగ్గు వదిలేసి చెబుతున్నాను.

ముందు మాస్టర్ పాస్‌వర్డ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మనందరికీ ఇప్పుడు పదుల కొద్దీ పాస్‌వర్డులు. ఈమెయిల్, ఆదాయపు పన్ను, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్లు, పిల్లల కాలేజీ. అన్నింటికీ ఒకటే పెట్టుకుంటే ప్రమాదం. వేరువేరుగా పెట్టుకుంటే గుర్తుండవు. అందుకని పాస్‌వర్డ్ మేనేజర్ అనే ప్రోగ్రాం వాడతాం. అది ఒక బీరువా లాంటిది. పాస్‌వర్డులన్నీ అందులో ఉంటాయి. బీరువాకు ఒకే తాళం. ఆ తాళమే మాస్టర్ పాస్‌వర్డ్. అది ఒక్కటి గుర్తుంటే చాలు. అది ఒక్కటి మరిచిపోతే మాత్రం ఏదీ లేనట్టే.

నిరుడు జూన్‌లో నాకు పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రిలో చేరడానికి వారం ముందు, క్లాసులో అందరికీ చెప్పే మాటే నేనూ పాటించాలనుకుని, మాస్టర్ పాస్‌వర్డ్ మార్చాను. పాతది పన్నెండేళ్లుగా వాడుతున్నది. కొత్తది చాలా పొడుగ్గా, చాలా గొప్పగా పెట్టాను. నాలుగైదుసార్లు కొట్టి చూసుకున్నాను. ఎక్కడా రాసుకోలేదు. రాసుకోకూడదని నేనే కదా అందరికీ చెప్పేది! అంతటితో ఆగానా? "శుభ్రం చేద్దాం" అనుకుని ఆ బీరువా ఫైలు పాత కాపీలన్నీ తుడిచేశాను. తర్వాత ఆపరేషన్, అయిదు వారాల సెలవు.

జులై 24న ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నెలాఖరులోగా రిటర్ను వేయాలి. మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. మళ్లీ కొట్టాను. తప్పు. ఫర్వాలేదులే అని కాఫీ తాగి వచ్చి కొట్టాను. తప్పు. మొదటి మూడు మాటలు గుర్తున్నాయి. తర్వాత ఏముందో, మధ్యలో అంకె ఎక్కడ పెట్టానో, ఎంత ఆలోచించినా రాలేదు. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి, "కుట్లు ఆరలేదు, ఏమిటండీ ఈ జాగారం?" అంది. సమాధానం చెప్పలేకపోయాను.

ఇలాంటి సమయంలో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి చేశాను. కాప్స్ లాక్ వెలిగిందేమో చూడాలి. కీబోర్డు తెలుగులోకి మారి ఉందేమో చూడాలి. పక్కన అంకెల మీటల కోసం నమ్ లాక్ చూడాలి. పాస్‌వర్డ్ చుక్కలుగా కాకుండా అక్షరాలుగా కనిపించేలా కన్ను గుర్తు నొక్కి కొట్టాలి. గుర్తున్నంత మేరకు ఒక కాగితం మీద రాసుకుని, ప్రయత్నించిన ప్రతి రూపాన్నీ కొట్టేసుకుంటూ పోవాలి. లేకపోతే కొట్టిందే వందసార్లు కొడతాం. బీరువా ఫైలు పాత కాపీ ఎక్కడైనా, ఏ పెన్‌డ్రైవ్‌లోనైనా ఉందేమో వెతకాలి. పాత కాపీ పాత పాస్‌వర్డుకే తెరుచుకుంటుంది. చాలామందిని గట్టెక్కించేది ఇదే. నన్ను మాత్రం గట్టెక్కించలేదు. పాత కాపీల్ని నా చేతులతో నేనే తుడిచేశాను కదా.

మూడో రోజు ఊళ్లో ఒక కంప్యూటర్ దుకాణానికి వెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు నా మాట పూర్తిగా వినకముందే "హో జాయేగా సాబ్, టెన్షన్ మత్ లీజియే" అన్నాడు. ఎనిమిది వేలు అడ్వాన్సు, ల్యాప్‌టాప్ రెండు రోజులు ఉంచి వెళ్లమన్నాడు. పాత పాస్‌వర్డులు ఏమేం వాడేవారో అవి కూడా రాసివ్వమన్నాడు. కాగితం, పెన్ను చేతిలో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, రాయడం మొదలుపెట్టాను. రెండోది రాస్తుండగా చెయ్యి ఆగింది. నేను ఏం చేస్తున్నాను? ఇదే పని ఒక కస్టమర్ చేశాడని తెలిస్తే "చదువుకున్నవారు, ఇలా ఎలా ఇచ్చారండీ?" అని అడిగేవాణ్ణి నేనే. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

తర్వాత ఇంకో చోట, పాతకాలం మెకానిక్ ఒకాయన దగ్గరకు వెళ్లాను. ఆయన చూసి, రెండు నిమిషాలు ఆలోచించి, "యే నహీ ఖులేగా సాబ్. జో ఖోల్ దూంగా బోలే, ఉస్‌సే బచ్‌నా" అన్నాడు. తెరుచుకోదు, తెరుస్తానన్నవాడి నుంచి జాగ్రత్త అని. పైసా తీసుకోలేదు. ఆ రోజు నాకు దొరికిన అసలైన సాంకేతిక సలహా అదే.

ఎందుకు తెరుచుకోదు? ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

చాలామంది అనుకునేదేమిటంటే, మన పాస్‌వర్డ్ కంప్యూటర్‌లో ఎక్కడో ఒక మూల రాసి ఉంటుంది, తెలిసినవాడు వెతికి తీస్తాడు అని. అది ఒకప్పటి మాట. మంచి పద్ధతిలో తయారైన ఏ వ్యవస్థా పాస్‌వర్డును అలాగే దాచుకోదు. పసుపులో సున్నం కలిపితే పారాణి వస్తుంది. పారాణిలోంచి మళ్లీ పసుపును విడదీయగలరా? అలాగే మనం కొట్టిన మాటను కంప్యూటర్ వేల సార్లు, లక్షల సార్లు ఒక లెక్కలో కలిపి వేరే రూపంలోకి మారుస్తుంది. ఆ రూపంలోంచి వెనక్కి వచ్చే దారి లేదు. 1979లోనే రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు యూనిక్స్ వ్యవస్థ కోసం ఈ పద్ధతి గురించి వ్యాసం రాశారు. పాస్‌వర్డ్ మేనేజర్ అయితే ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఆ కలిపిన రూపంతోనే బీరువా తాళంచెవి తయారు చేస్తుంది. మాట లేకపోతే తాళంచెవే లేదు. తయారు చేసిన కంపెనీ దగ్గర కూడా లేదు.

మనకు ఇది కొత్తేమీ కాదు. మన లాకర్ గదే ఉంది. లాకర్ తెరవాలంటే కస్టోడియన్ దగ్గరున్న మాస్టర్ కీ, కస్టమర్ తాళంచెవి రెండూ పడాలి. కస్టమర్ తాళంచెవి పోతే మన మాస్టర్ కీతో తెరవలేం. ఆయన దరఖాస్తు రాసివ్వాలి. టెక్నీషియన్ వచ్చి, కస్టమర్ ఎదుట, నిబంధన ప్రకారం పగలగొట్టాలి. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన లాకర్ మార్గదర్శకాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో ఈ తతంగమంతా ఉంది. కస్టమర్ విసుక్కుంటాడు. కానీ బ్యాంకు తనంతట తాను లాకర్ తెరవలేకపోవడం లోపం కాదు, ఆయనకు మనమిచ్చే భరోసా. మాస్టర్ పాస్‌వర్డూ అంతే. ఒక్కటే తేడా. లాకర్‌ను పగలగొట్టడానికి టెక్నీషియన్ ఉన్నాడు. దీన్ని పగలగొట్టగలవాడు లేడు.

అయితే కంప్యూటర్ మీద తాళాలన్నీ ఒకే రకం కావు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. కాబట్టి ఒక్కొక్కటీ చెప్తాను.

మొదటిది, కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ అడిగే పాస్‌వర్డ్. మీరు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే, వేరే ఫోన్‌లోంచి వాళ్ల వెబ్‌సైటుకు వెళ్లి, మీ మొబైలుకో మెయిల్‌కో వచ్చే కోడ్‌తో కొత్తది పెట్టుకోవచ్చు. ఆ కంప్యూటర్‌కే పరిమితమైన ఖాతా అయితే, ముందే భద్రతా ప్రశ్నలు పెట్టుకుని ఉంటే వాటితో మార్చుకోవచ్చు. అవీ లేకపోతే అదే కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉన్న ఇంకొకరు మార్చగలరు. కానీ జాగ్రత్త. అలా బయటి నుంచి మార్చినప్పుడు, విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో దాచిన ఫైళ్లు, అందులో భద్రపరిచిన పాస్‌వర్డులు పోవచ్చు. తలుపు తెరుచుకుంటుంది, లోపలి పెట్టె మూసుకుపోతుంది.

రెండోది, విండోస్ కంటే ముందే నల్ల తెర మీద అడిగే బయోస్ పాస్‌వర్డ్. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి బిళ్ల బ్యాటరీ తీసి పెడితే అది పోయేది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ చిట్కా పనిచేయదు. కొన్న బిల్లు పట్టుకుని తయారీదారు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే.

మూడోది, డిస్క్ మొత్తానికి వేసే బిట్‌లాకర్ తాళం. దీనికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో, మీరు ప్రింటు తీసుకున్న కాగితం మీదో, ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగం దగ్గరో ఉండాలి. ఎక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా మళ్లీ తయారు చేసి ఇవ్వలేదు. ఈ మధ్య కొన్న కంప్యూటర్లు చాలావాటిలో ఇలాంటి తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. మదర్‌బోర్డు మార్చిన రోజున ఆ 48 అంకెలు అడిగినప్పుడు గానీ తెలియదు. ఇంటికి వెళ్లగానే ఇది చూసుకోండి.

నాలుగోది, బ్రౌజర్ పాస్‌వర్డ్. ఫైర్‌ఫాక్స్‌లో దీన్ని ఒకప్పుడు మాస్టర్ పాస్‌వర్డ్ అనేవారు, 2020 నుంచి ప్రైమరీ పాస్‌వర్డ్ అంటున్నారు. మరిచిపోతే రీసెట్ చేయొచ్చు. కానీ రీసెట్ చేస్తే అందులో దాచిన పాస్‌వర్డులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అంటే రీసెట్ అన్న మాటకు అర్థం "తెరవడం" కాదు, "ఖాళీ చేసి కొత్తగా ఇవ్వడం". ఈ తేడా గుర్తుపెట్టుకోండి. రికవరీ వేరు, రీసెట్ వేరు.

అయిదోది, నేను మరిచిపోయింది. పాస్‌వర్డ్ మేనేజర్ మాస్టర్ పాస్‌వర్డ్. కొన్నింటిలో మొదట్లోనే ఎమర్జెన్సీ కిట్ అని ఒక కాగితం ప్రింటు తీసుకోమంటారు. కొన్నింటిలో కుటుంబ సభ్యుల్లో ఒకరికి అత్యవసర అనుమతి ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. ఇవన్నీ మరిచిపోవడానికి ముందు చేసుకోవాల్సినవి. మరిచిపోయాక చేసేదేమీ లేదు.

నేను బీరువా మీద ఆశ వదులుకుని, అందులో ఉన్న ఖాతాలు ఒక్కొక్కటీ జ్ఞాపకం చేసుకుంటూ రాసుకున్నాను. 63 వచ్చాయి. ఒక్కోదానికీ "పాస్‌వర్డ్ మరిచిపోయారా?" అన్నచోట నొక్కుకుంటూ వెళ్లాను. ఆదాయపు పన్ను పోర్టల్ ఆధార్ ఓటీపీతో అయిదు నిమిషాల్లో అయిపోయింది. రిటర్ను గడువులోపే వేశాను. మన బ్యాంకు ఖాతా సరేసరి, కార్డుతో కొత్తది పెట్టుకున్నాను. కరెంటు, గ్యాస్, బీమా అన్నీ మొబైలు నంబరుతో వచ్చాయి.

పాత ఈమెయిల్ దగ్గర ఆగిపోయింది. దానికి ఇచ్చిన మొబైలు నంబరు కాకినాడలో పనిచేసినప్పటిది. బదిలీ అయ్యాక వదిలేశాను. వాడని నంబరు కంపెనీ వెనక్కి తీసుకుని వేరొకరికి ఇస్తుందని మనకు తెలుసు. నా కోడ్ ఎవరి ఫోన్‌కు పోతుందో తెలియదు. చివరకు మా ఆవిడ పాత ఫోన్ ఒకటి అల్మరాలో దొరికింది. అందులో నా మెయిల్ ఇంకా లాగిన్ అయి ఉంది. దాన్ని ఛార్జ్ చేసి, నంబరు మార్చుకున్నాను. బదిలీల మీద బతికే మన ఉద్యోగులకు ఇది ముఖ్యం. ఊరు మారినప్పుడు ఇంటి అడ్రసు మారుస్తాం, గ్యాస్ మారుస్తాం. ఈమెయిల్‌కు ఇచ్చిన నంబరు మాత్రం మార్చం.

పంతొమ్మిది రోజుల్లో 63లో 62 తిరిగి వచ్చాయి. మిగిలింది ఒకటే. దాని గురించి చెప్పడమే నాకు కష్టం.

మాది బొబ్బిలి. మా అమ్మ 2019లో పోయింది. అంతకు నాలుగేళ్ల ముందు, సంక్రాంతికి వెళ్లినప్పుడు, అమ్మ మాటలు రికార్డు చేశాను. మొత్తం పదకొండు. ఆవకాయకు కారం పాళ్లు ఎంతో, మా నాన్న రాయ్‌పూర్ రైలెక్కి పనికోసం వచ్చిన రోజులు ఎలా గడిచాయో, మా తాతమ్మ పాడే ఊర్పు పాటలు ఏమిటో. అమ్మ పోయాక అవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సైబర్ భద్రత పాఠాలు చెప్పే ఉత్సాహంలో దానికి బిట్‌లాకర్ తాళం వేశాను. ఫోన్‌లో ఉన్నవి తీసేశాను. పెన్‌డ్రైవ్ పాస్‌వర్డ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టాను. మరి ఆ 48 అంకెల రికవరీ కీ? అదీ అందులోనే పెట్టాను. బీరువా తాళంచెవులు రెండూ బీరువాలో పెట్టి తలుపు మూసినట్టు.

మిగతా 62 ఎందుకు వచ్చాయి, ఇది ఎందుకు రాలేదు అని చాలా ఆలోచించాను. ఆ 62 తాళాల వెనక ఎవరో ఒకరు ఉన్నారు. ఒక ఆఫీసు, ఒక రికార్డు, నా ఆధార్, నా సంతకం, నన్ను గుర్తుపట్టే ఒక వ్యవస్థ. పెన్‌డ్రైవ్ వెనక ఎవరూ లేరు. అక్కడ నేను ఎవరి కొడుకునో నిరూపించుకోవడానికి కౌంటర్ లేదు. మేనేజర్ గారిని కలుస్తానంటే మేనేజర్ లేడు. మిత్రులారా, ఈ ప్రసంగంలో ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. మీ ప్రతి తాళం దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి: "ఈ తాళం వెనక నన్ను గుర్తుపట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఉంటే భయం లేదు. లేకపోతే డూప్లికేట్ తాళంచెవి మీరే ఏర్పాటు చేసుకోవాలి, ఈ రోజే చేసుకోవాలి.

ఈ పాఠం పెద్ద పెద్దవాళ్లకూ తప్పలేదు. స్టెఫాన్ థామస్ అనే ప్రోగ్రామర్ సంగతి 2021 జనవరిలో ప్రపంచమంతా చదివింది. 7,002 బిట్‌కాయిన్ల తాళంచెవి ఉన్న చిన్న పరికరానికి ఆయన పాస్‌వర్డ్ మరిచిపోయాడు. అది పదిసార్లు మాత్రమే ప్రయత్నించనిస్తుంది. ఎనిమిది అప్పటికే అయిపోయాయి. రాసుకున్న కాగితం పోగొట్టుకున్నాడు. అంటే కాగితం మీద రాసుకోవడం తప్పు కాదు, ఒక్క కాగితం మీదే ఆధారపడటం తప్పు.

రెండో సంగతి మన దేశంలోనే ముగిసింది. కెనడాలో క్వాడ్రిగా అనే క్రిప్టో సంస్థ నడిపిన జెరాల్డ్ కాటన్, 2018 డిసెంబరులో జైపూర్‌కు వచ్చినప్పుడు చనిపోయాడు. ముప్ఫై ఏళ్ల వయసు. ఖాతాదారుల సొమ్ముకు సంబంధించిన పాస్‌వర్డులు ఆయనకొక్కడికే తెలుసు, ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదు అన్నారు. తర్వాత విచారణలో సొమ్ములో ఎక్కువ భాగం ఆయనే ముందుగా పోగొట్టాడని, అది మోసమని ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చింది. చూడండి, తాళం ఒక్కరి చేతిలోనే ఉంటే మరుపుకూ దారే, మోసానికీ దారే. మన స్ట్రాంగ్ రూమ్‌కు ఇద్దరు కస్టోడియన్లు ఎందుకో, డూప్లికేట్ తాళంచెవులు సీలు వేసి వేరే బ్రాంచీలో ఎందుకు ఉంచుతామో, నిర్ణీత కాలానికి వాటిని తెచ్చి ఎందుకు మారుస్తామో, ఆ రిజిస్టర్‌లో సంతకాలు ఎందుకో, ఉద్యోగంలో చేరిన కొత్తలో విసుక్కునేవాణ్ణి. క్యాష్ విషయంలో ముప్ఫై ఏళ్లు పాటించిన నియమాన్ని నా ఇంటి విషయంలో ఒక్కరోజు పాటించలేదు.

ఇప్పుడు నేను చేసుకున్న ఏర్పాటు చెప్తాను. మీకు నచ్చితే మీరూ చేసుకోండి.

ఒకటి, మాస్టర్ పాస్‌వర్డ్‌గా సంబంధం లేని అయిదారు మాటలు పెట్టుకున్నాను. చింతకాయ, నిచ్చెన, దుప్పటి అన్నట్టు. అవి ఇంగ్లిషు అక్షరాల్లో కొడతాను. పొడుగ్గా ఉంటుంది కాబట్టి గట్టిది, మాటలు కాబట్టి గుర్తుంటుంది. మీ ఇష్టదైవం, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వద్దు. నేను చెప్పిన మాటలూ వద్దు.

రెండు, కొత్తది పెట్టాక పదిహేను రోజులు రోజూ ఒకసారి కొట్టాను. ప్రయాణానికో ఆపరేషన్‌కో ముందు మాత్రం ఎప్పుడూ మార్చకండి.

మూడు, కాగితం మీద రాశాను. అవును, రాశాను. ఎక్కడో దేశంలో కూర్చున్న దొంగ మీ కంప్యూటర్‌లోకి రాగలడేమో గానీ మీ బీరువాలోని కవరులోకి రాలేడు. మానిటర్‌కు అంటించకూడదు, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. రెండు కవర్లు చేసి, సీలు వేసి, మీద సంతకం, తేదీ వేశాను. ఒకటి లాకర్‌లో, ఒకటి బొబ్బిలిలో అక్కయ్య దగ్గర. ఆరు నెలలకోసారి తెరిచి, పనిచేస్తుందో లేదో చూసి, మళ్లీ సీలు వేస్తాను. అచ్చంగా మన డూప్లికేట్ తాళంచెవుల పద్ధతే.

నాలుగు, బీరువా ఫైలు కాపీలు రెండు చోట్ల ఉంచాను. రికవరీ కీలు బీరువా బయట, కాగితం మీద ఉంచాను.

ఇక్కడున్న పెద్దలకు ఒక మనవి. కవరులో బ్యాంకు పిన్, ఓటీపీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ పెట్టకండి. నేను వాటిని ఆ బీరువాలో కూడా పెట్టడం మానేశాను. వాటి వెనక మనం ఉన్నాం. మీ తర్వాత నామినీ వస్తారు, మరణ ధ్రువపత్రం ఇస్తారు, క్లెయిం తీసుకుంటారు. పోయినవారి పాస్‌వర్డుతో డబ్బు తీయడం పద్ధతీ కాదు, తర్వాత చిక్కులు కూడా. మీరు చేయాల్సింది నామినేషన్ సరిచూసుకోవడం, ఏ కాగితం ఎక్కడుందో ఇంట్లో చెప్పడం. కవరు మాత్రం వెనక ఎవరూ లేని తాళాలకు. కౌంటర్ దగ్గరకు వచ్చి, "మా ఆయన ఫోన్ తెరుచుకోవడం లేదు బాబూ, మనవడి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి" అన్న పెద్దావిడకు నేను ఏమీ చేయలేకపోయాను. డిపాజిట్ సొమ్ము వారంలో ఇప్పించగలిగాను. ఆవిడ అడిగింది డిపాజిట్ గురించి కాదు.

సర్వీసులో ఉన్న మిత్రులకు ఇంకొక్క మాట. ఆఫీసు పాస్‌వర్డ్ మరిచిపోతే నాలాగా సొంత ప్రయత్నాలు చేయకండి. ఐటీ హెల్ప్‌డెస్క్‌కు చెప్పండి, కాస్త ఆలస్యమైనా. "మీ ఐడీ ఇవ్వండి సార్, ఈ ఒక్క వోచర్ పాస్ చేసి ఇచ్చేస్తాను" అనే మాట మీ నోట రాకూడదు, మీ చెవిన పడినా ఒప్పుకోకూడదు. ఎవరైనా ఫోన్ చేసి పాస్‌వర్డ్ రికవరీ చేస్తామని లింకు పంపితే, డబ్బు పోతే, ఆలోచించకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అంత ఆశ.

చివరగా పెన్‌డ్రైవ్ సంగతి. అది తెరుచుకోలేదు. ఒకరోజు అక్కయ్యకు ఫోన్ చేసి, చెప్పడానికి మొహం చెల్లక, అటూ ఇటూ మాట్లాడి చివరకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏట్రా తమ్ముడూ, ఆవకాయది నాకు పంపావు కదరా! నా దగ్గరుంది. ఫోన్ మార్చినప్పుడల్లా పిల్ల ఎక్కిస్తాది" అంది. అమ్మ పోయిన నెలలో వాట్సాప్‌లో పంపానట. నాకు గుర్తే లేదు. నాలుగు నిమిషాల రికార్డు. అందులో అమ్మ కారం పాళ్లు చెప్తూ, మధ్యలో ఆగి, "నువ్వు రాసుకుంటన్నావా లేదా? తర్వాత మరిచిపోతావు" అంటుంది.

పదకొండులో ఒకటి మిగిలింది. మిగిలింది కూడా నా భద్రత వల్ల కాదు, ఒక కాపీ వేరే ఊళ్లో, వేరే చేతిలో ఉండటం వల్ల. పెన్‌డ్రైవ్ ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. అప్పుడప్పుడు ఏదో మాట తట్టి కొట్టి చూస్తుంటాను.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక భోజనాల దగ్గర ఒక పావుగంట కూర్చుని, మీ తాళాల జాబితా రాయండి. దేని వెనక ఎవరూ లేరో దానికి గుర్తు పెట్టండి. ఒక కవరు తయారు చేయండి. ఆదివారం దాకా ఆగొద్దు.